‘వద్దు’ బటన్

భానుచందర్ రాసిన కోడ్‌ను చాలా యాప్‌లు వాడుకుంటాయి; కంప్యూటర్లోనైనా ఫోన్లోనైనా ప్రశ్న అడిగే బాక్సును అది ‘సరే’, ‘వద్దు’ బటన్లతో ఒకేలా చూపిస్తుంది. చిన్న ఫోన్లలో చోటు చాలడం లేదని ఆ సాయంత్రమే అందులోంచి ‘వద్దు’ బటన్ తీసేశాడు.

చీకటి పడ్డాక చిత్తూరు ఆఫీసులో ఒక్కడే ఉండగా కంప్యూటర్లో బాక్సు తెరుచుకుంది. ఆ ప్రశ్న అతను రాసింది కాదు.

‘పవిత్రను తీసుకెళ్లమంటారా?’ కింద ‘సరే’ ఒక్కటే ఉంది.

పవిత్ర అతని భార్య. తిరుపతి నుంచి బస్సులో వస్తోంది. ఫోన్ చేయబోతే అందులోనూ అదే బాక్సు. నొక్కితే తప్ప పోదు. వేలు వెనక్కి తీసుకున్నాడు.

వాచ్‌మన్ మునిరామయ్య తన పాత ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు.

“సార్, దీంట్లో ఏమో వచ్చిండాది. నాకు సదువు రాదు గదా. ఏం జేసినా పోలేదు. నొక్కేసినాను.”

భానుచందర్ చేతిలోని ఫోన్లో బాక్సు దానంతటదే మూసుకుంది.