డబ్బా మీది నంబరు

"భూతద్దం మళ్ళీ వచ్చాడండీ!" అన్నాడు వాచ్‌మన్ నవ్వుతూ.

ఆస్పత్రి స్టోర్‌కీపరుకు ఒళ్ళు మండింది.

క్రిములు చంపే మందు డబ్బాలు దిగాయంటే చాలు, ఆ ముసలాయన ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. భూతద్దం పెట్టి లేబులు చదువుతాడు. పేరేమిటో ఎవరూ అడగలేదు కాబట్టి భూతద్దమే పేరైపోయింది.

"బాబూ, ఈ డబ్బాలు వెనక్కి పంపించెయ్యండి. ఇది నకిలీ మందు."

"లేబులు మీద రిజిస్ట్రేషన్ నంబరు కనబడట్లేదా? 4716. ఇంత లావున ఉంది."

"నంబరుంటే చాలదు బాబూ. ప్రభుత్వం వాళ్ళ పుస్తకంలో ఆ నంబరుండాలి. దాని పక్కన ఇదే మందు పేరుండాలి. ఒక్కసారి తీసి చూడండి."

పుస్తకం లేకపోలేదు. స్టోర్‌కీపరు బల్లకు ఒక కాలు పొట్టి. మూడేళ్ళుగా పుస్తకం ఆ కాలి కిందే ఉంది. తీస్తే బల్ల ఊగుతుంది.

"పుస్తకం చూడకుండానే నకిలీదని నీకెలా తెలుసయ్యా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"తెలుసు బాబూ."

"అదే, ఎలా తెలుసంటున్నా."

ముసలాయన చొక్కా అంచుతో భూతద్దం తుడుస్తూ నిలబడ్డాడు.

"ఇరవై ఏళ్ళ సర్వీసు నాది. నాకే పాఠాలు చెబుతున్నావా! రేపు ఈ మందుతో తుడిచిన బల్ల మీదే నా కూతురికి కాన్పు ఆపరేషను. మంచిది కాకపోతే కన్నబిడ్డను పడుకోబెడతానా?"

ముసలాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. గబుక్కున వంగి ఒక డబ్బాను రెండు చేతులా వాటేసుకున్నాడు.

"వద్దు బాబూ! మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ తల్లి ఉండే గదిలో ఇది వాడనివ్వకండి!"

పిల్ల కాన్పుకు వెళ్ళే ముందు ఇదేం పాడునోరని స్టోర్‌కీపరు భగ్గుమన్నాడు.

"మెడపట్టి బయటికి గెంటు వీణ్ణి!"

వాచ్‌మన్ గెంటాడు. భూతద్దం మెట్ల మీద పడిపోయింది. ముసలాయన దాని కోసం కూడా వెనక్కి రాలేదు.

మర్నాడు మనవడు పుట్టాడు. స్టోర్‌కీపరు వార్డంతా తిరిగి చాక్లెట్లు పంచాడు.

నాలుగో రోజున కూతురి కుట్లు చీము పట్టాయి.

"నాన్నా, చలేస్తోంది," అంది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు.

తొమ్మిదో రోజున ఆ మాట అనడానికి ఆమె లేదు.

అంతా అయ్యాక స్టోరుకు వచ్చి, బల్ల కింది పుస్తకం లాగాడు. దుమ్ము దులిపి పేజీలు తిప్పాడు.

4715 ఉంది. 4717 ఉంది. 4716 లేదు.

రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకు బద్ధకించి కూతుర్ని చంపుకున్నానని తల బాదుకుని ఏడ్చాడు.

ఆ పెద్దాయన ఎవరో రిటైరైన ఆఫీసరై ఉంటాడు. కాళ్ళ మీద పడాలి. ఇంకో ఆడపిల్ల పోకముందే ఆయన్ను వెంటబెట్టుకుని పైవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

వాచ్‌మన్ దాచిన భూతద్దం జేబులో వేసుకుని, అతను చెప్పిన సందులోకి వెళ్ళాడు.

ఒంటిగది ఇల్లు. తలుపు బార్లా తీసి ఉంది. లోపలినుంచి ముసలాయన కోడలు వచ్చింది.

"మామయ్య పోయి వారమైందండీ. ఆస్పత్రిలో గెంటేసిన రోజే మంచం పట్టాడు. మెతుకు ముట్టలేదు."

స్టోర్‌కీపరు జేబులోంచి భూతద్దం బయటికి తీశాడు.

"ఆయన ఏ ఆఫీసులో చేసేవారమ్మా? మందుల తనిఖీలోనా?"

"తనిఖీయా! లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సులో పనివాడండీ. నిరుడు మా అత్తయ్య కాలికి చిన్న గాయమైతే మీ ఆస్పత్రిలోనే చేర్చాం. అది కుళ్ళి, మనిషే పోయింది. ఆవిడ మంచం కింద ఏదో డబ్బా చూసి కుప్పకూలాడు మామయ్య. అప్పట్నుంచీ ఒకటే కలవరింత. 'ఏదో ఒక నంబరు వెయ్యమన్నారు తల్లీ, నోటికొచ్చింది వేసేశాను' అని. ఏం నంబరో ఏమో, నాకు అర్థం కాలేదండీ."

స్టోర్‌కీపరు భూతద్దం ఆమె చేతిలో పెట్టి, గడప దాటాడు.

వెనక తలుపు మూసిన చప్పుడైంది. తిరిగి చూశాడు.

తలుపు మీద ఎర్ర రంగుతో రాసిన ఇంటి నంబరు భూతద్దం లేకుండానే కనబడింది: 4-7-16.