బాగా కుదిరిన ఫిర్యాదు

"దిద్దరా? మరి ఇక్కడ దేనికి కూర్చున్నట్టు మీరు?"

కుర్రాడు కాగితాలు బల్ల మీద విసిరాడు. అవి జారి టీచరమ్మ ఒళ్లో పడ్డాయి. ఆవిడ వాటిని ఏరి, అంచులు సరిచేసి, మళ్లీ వాడి ముందే పెట్టింది.

యూనివర్సిటీలో రాయడానికి తడబడే పిల్లల కోసం పెట్టిన రైటింగ్ సెంటర్ అది. అక్కడి పద్ధతి ఒకటే. రాసినవాడు పైకి చదవాలి. టీచరు వినాలి, అడగాలి. దిద్దుకోవడం మళ్లీ రాసినవాడి పనే. టీచరు పెన్ను ముట్టదు.

"చదువు, వింటాను," అంది.

"నిన్నా చదివాను, మొన్నా చదివాను. గొంతు పోయింది గానీ వ్యాసం బాగుపడలేదు. తప్పులు మీకు కనిపిస్తూనే ఉన్నాయి కదా మేడమ్! ఎర్ర పెన్నుతో నాలుగు గీతలు గీస్తే మీ సొమ్మేం పోతుంది?"

"నా సొమ్మేం పోదు. నీదే పోతుంది."

"మాటలకేం తక్కువ లేదు. డీన్ గారికి ఫిర్యాదు రాస్తాను, చూడండి."

పక్క బల్ల దగ్గరున్న ముసలి మాస్టారు చప్పున తలెత్తాడు. ఆవిడ మీద ఇదివరకే ఒక ఫిర్యాదు వెళ్లింది. ఇంకొకటి వస్తే ఈ ఉద్యోగం మరిచిపొమ్మని డీన్ మొహం మీదే చెప్పాడు.

"రాయి," అంది టీచరమ్మ. "కాగితం ఉందా?"

వాడికి పౌరుషం వచ్చింది. అక్కడే కూర్చుని, కాగితం చిరుగుతుందేమో అన్నంత నొక్కి రాశాడు. రాసి లేవబోయాడు.

"చదువు," అంది.

"ఇది కూడానా!"

"ఇక్కడ కూర్చుని రాసింది ఏదైనా వింటాం."

వాడు గొంతు పెంచి చదివాడు. "ఈ సెంటర్లో ఎప్పుడూ ఏ పనీ జరగదు. విద్యార్థులందరూ తీవ్రంగా బాధపడుతున్నారు. కావున తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన."

"విద్యార్థులందరూ అంటే ఎవరు?"

"అంటే... నేను."

"మరి నేను అని రాయడానికి భయమా?"

వాడు కొట్టేసి, రాశాడు.

"తీవ్రంగా బాధ అంటే ఎలా ఉంటుంది? కడుపునొప్పా, పంటినొప్పా?"

"వేళాకోళం చెయ్యకండి మేడమ్. మా సారు నా వ్యాసం రెండుసార్లు మొహాన కొట్టారు. అందరి ముందూ. ఇంకోసారి తప్పితే ఈ ఏడాది చదువంతా బూడిదలో పోసిన పన్నీరే."

"అదీ. అది రాయి."

మాస్టారు ఇక ఉండబట్టలేక లేచి వచ్చాడు. "ఏమ్మా, కొరివితో తల గోక్కుంటున్నావు! వాడు రాసేది నీ మీద!"

"నా మీదైతే మాత్రం చప్పగా రాయమంటారా మాస్టారూ?"

ఆయన నెత్తి కొట్టుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. కుర్రాడు కొత్తగా రాసింది పైకి చదివాడు.

"తిట్లు ఎక్కువయ్యాయి," అంది ఆవిడ కుర్రాడితో. "కోపమంతా నువ్వే పడేస్తే చదివేవాడికేం మిగులుతుంది? జరిగింది జరిగినట్టు పెట్టు. కోపం డీన్ గారికి దానంతటదే వస్తుంది."

వాడు తల వంచాడు. రాశాడు, చదివాడు, మళ్లీ రాశాడు. ఒకచోట ఆవిడ నోరు విప్పకముందే తనే ఆగి, వాక్యం మొత్తం కొట్టేశాడు. అంతసేపూ ఆవిడ రెండు చేతులూ మంచినీళ్ల గ్లాసు చుట్టూనే ఉన్నాయి.

"ఇది తీసుకెళ్లి ఇచ్చేస్తాను మరి," అన్నాడు చివరికి. బెదిరింపులో పస తగ్గింది.

"ఇవ్వు. బాగా కుదిరింది."

మర్నాడు డీన్ ఇద్దర్నీ గదికి పిలిపించాడు. కూర్చోమనలేదు. కాగితం పట్టుకుని తనే పైకి చదివాడు.

"'వ్యాసం రెండోసారి వెనక్కి వచ్చిన రోజు, నా మొహం ఎవరూ చూడకూడదని అందరూ వెళ్లిపోయేదాకా క్లాసులోనే కూర్చున్నాను. ఆ కాగితాలే పట్టుకుని ఈవిడ దగ్గరికి వెళ్లాను. చెయ్యి అందిస్తుందనుకున్నాను. చెవి ఒగ్గి ఊరుకుంది. నాకేమీ నేర్పలేదు.'"

కళ్లద్దాలు తీశాడు. "చదువుతుంటే నాకే ఒళ్లు మండిపోయింది. ఈవిణ్ని ఇవాళే పంపించేద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని నీ వ్యాసాలు తెప్పించి చూశాను. ఆ రాత రాసినవాడు ఇది రాయలేడు. ఎవరు రాసిచ్చారు? పక్కవాడి చేత రాయించుకున్నవాడికి ఈ యూనివర్సిటీలో చోటుండదు, తెలుసుగా?"

కుర్రాడి మొహం పాలిపోయింది. "నేనే రాశాను సార్."

"నువ్వే రాస్తే, ఈవిడ నేర్పలేదన్న మాట అబద్ధం. నేర్పలేదన్నది నిజమైతే, ఇది నీది కాదు. రెండూ నిజమెలా అవుతాయి? తేల్చు."

వాడు టీచరమ్మ వైపు చూశాడు. ఆవిడ ఒక్క మాట అందివ్వలేదు. బల్ల దగ్గర ఎలా వినేదో అలాగే వింటూ నిలబడింది.

"నేర్పారు సార్," అన్నాడు. "నిన్న ఆ బల్ల దగ్గర, ఇది రాస్తుంటేనే నేర్పారు. ఆ మాట కొట్టేస్తాను. కానీ రాసింది మాత్రం నేనే."

"ఇది కూడా ఎవరో చెప్పి పంపిన మాటే. ఎలా నమ్మమంటావు?"

"తెల్లకాగితం ఒకటి ఇప్పించండి సార్. మీ ఎదురుగానే ఇంకో ఫిర్యాదు రాస్తాను."

"ఇంకోటా! ఎవరి మీద?"

కుర్రాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెన్ను మూత తీశాడు.

"మీ మీద సార్."