సదయ్య నడుం

"సదయ్యా!" అని లోపలి నుంచి అటెండరు కేకేశాడు.

సదయ్య లేవబోయాడు. నడుం ఒప్పుకోలేదు. పక్కనున్న లింగమూర్తి తన సంచి చంకన పెట్టుకుని, రెండో చెయ్యి అతని భుజం కిందేసి లేపాడు.

"ఫికర్ జెయ్యకు బావా. నేను ఈడనే ఉంట."

"నువ్వుండంగ నాకేం ఫికర్ బావా!"

వాళ్లకు చుట్టరికమేమీ లేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఒకే బొగ్గుబాయిలో దిగి దిగి బావలయ్యారు, అంతే. సెంటినరీ కాలనీలో క్వార్టర్లు కూడా గోడకు గోడ.

లోకంలో అందరూ ఫిట్ అనిపించుకోవడానికి తంటాలు పడతారు. గోదావరిఖనిలో అన్‌ఫిట్ అనిపించుకోవడానికి పడతారు. మెడికల్ బోర్డు ఆ ఒక్క ముక్క రాస్తే తండ్రి ఇంటికి, కొడుకు డ్యూటీకి. కానీ రిటైర్మెంటుకు రెండేళ్ల పైన ఉంటేనే ఆ వరం. సదయ్యకు ఆ రెండేళ్ల పైన మిగిలింది ఇరవై రోజులే. ఇవాళ తప్పితే, డిగ్రీ చేసి ఆటో తోలుతున్న కొడుకు భూపాల్ ఆటోలోనే ముసలివాడవుతాడు.

సదయ్య అబద్ధమాడాల్సిన పని లేదు. టబ్బులకు బొగ్గెత్తి ఎత్తి నడుం ఎప్పుడో బుగ్గయింది. అయితే నొప్పి ఉందని డాక్టర్లను ఒప్పించడం ఉందే, అది అసలు నొప్పి కంటే పెద్ద నొప్పి.

ఆ నడుముకు ఆరేళ్లుగా గోలీలు మోసింది లింగమూర్తి. చిన్నప్పుడు కలిసి గోలీలాడని లోటు ఇద్దరూ అలా తీర్చుకున్నారు.

"డిస్పెన్సరీ లైన్ల నిలవడితె నీ నడుం ఇంకింత ఇరుగుతది బావా. నేన్దెస్త తియ్యి" అన్నాడు మొదటిసారే.

"నా మెడికల్ బుక్కు తీస్కపో మరి, గోలీలు అండ్లనే రాస్తరు."

"బుక్కు గిక్కు ఏమద్దు. కంపౌండరు మనోడే."

దాంతో సదయ్య మెడికల్ బుక్కును అతని భార్య సారక్క ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పెళ్లిచీర కింద దాచింది. బొగ్గుదుమ్ము పడే ఆ ఇంట్లో మాసిపోని వస్తువు అదొక్కటే.

లింగమూర్తి ఊరికే గోలీలు తెచ్చే రకం కాదు. ప్రతి సోమవారం బయల్దేరే ముందు మంచం పట్టెమీద కూర్చునేవాడు.

"ఇయ్యాల ఎక్కడ గుంజుతుంది బావా?"

"నడుంల లేస్తది. ఎడమ పిర్రల కెల్లి చిటికెనవేలు దాంక సూదులు వొడిసినట్టు."

"వంగితెనా, కూసుంటెనా?"

"వంగితె పానం వోతది. దగ్గినా గంతే."

లింగమూర్తి అదంతా మళ్లీ ఒకసారి వల్లించేవాడు, పరీక్షకు పోయే పిల్లాడిలా. తర్వాత ఎడమకాలు ఈడుస్తూ, నడుం మీద చెయ్యేసుకుని వాకిట్లో సదయ్యలా నడిచి చూపించేవాడు. కాలనీ అంతా పడి పడి నవ్వేది. అందరికంటే ఎక్కువ సదయ్యే నవ్వేవాడు.

"గట్ల గాదు బావా, కాలు ఇంకింత ఈడ్వాలె!"

"ఆయన సొంత కొడుకు నౌకరి లేక ఖాళీగ తిరుగుతుండు, ఈయనేమో నీ గోలీల సుట్టు తిరుగుతుండు. గిసొంటి దోస్తు ఎవలకుంటడు!" అని సారక్క చాయ్ పోసేది.

ఇప్పుడు బోర్డు గదిలో పెద్ద డాక్టరు సదయ్య బుక్కు తెరిచాడు. తిప్పాడు. మళ్లీ మొదటికొచ్చాడు.

"ఇది కొత్తదా?"

"ఆరేండ్లది సార్."

"ఆరేళ్లలో ఒక్క గోలీ రాయలేదేం?"

"సార్?"

"పోయిన నెల ఢిల్లీ నుంచి సర్వే వాళ్లొచ్చారు. దేశంలో నొప్పి మాత్రలు ఎక్కడ, ఎవరికి, ఎన్ని రాస్తున్నారని లెక్క తీస్తున్నారు. మీ డిస్పెన్సరీ రిజిస్టర్లు చూసి నోరెళ్లబెట్టారు. సగం బాయి పేర్లున్నాయందులో. నీ పేరు వెతికించాను, లేదు. నొప్పి లేనివాడికి అన్‌ఫిట్ ఎలా రాస్తాను?"

"మింగిన సార్! వారం వారం మింగిన. కడుపుల పుండు గూడ అయింది!"

"నువ్వు మింగినట్టు కాగితం చెప్పాలి. కడుపు చెప్తే సరిపోదు."

సదయ్యకు గభాల్న ధైర్యం వచ్చింది. "కాగితమెందుకు సార్, మనిషే ఉన్నడు! తెచ్చిచ్చింది మా బావ లింగమూర్తినే. బయట కూసున్నడు. పిలువుండ్రి, ఆయన నోటితోనే చెప్తడు."

డాక్టరు ఇవాళ్టి లిస్టులో తర్వాతి పేరు చూసి తలూపాడు. అటెండరు తలుపు తీసి, "లింగమూర్తీ!" అని కేకేశాడు.

సదయ్య ఆశగా తిరిగి చూశాడు.

ఎడమకాలు ఈడుస్తూ, నడుం మీద చెయ్యేసుకుని, దగ్గినప్పుడల్లా ప్రాణం పోయినట్టు మూలుగుతూ లింగమూర్తి లోపలికొచ్చి, సంచిలోంచి ఆరేళ్ల గోలీల రాతలతో ఉబ్బిన తన మెడికల్ బుక్కు తీసి డాక్టరు ముందు పెట్టాడు.