రంగు మారిందా?

"రేపు ఆయప్పకు, ఆ భుజంగరావుకు, బుద్ధి చెప్పాల్సిందే," అంది సుజాత, టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కుతూ.

పక్కనే అన్నం తింటున్న పాపక్కది ప్యాకింగ్ సెక్షన్. "ఏం చేస్తావు? ఆసిడ్‌లో నీళ్ళు కలుపుతావా?"

"లేదు."

"సీసా మారుస్తావా?"

"ఏమీ చెయ్యను పాపక్కా. ఊరికే నిలబడుకోనుంటా."

"ఊరికే నిలబడుకుంటే పగ ఎట్ల తీరుతాదమ్మా?"

సుజాత డబ్బా సంచిలో పెట్టుకుని లేచింది.

చందాపుర దాటాక ఉన్న వాళ్ళ ఫ్యాక్టరీలో తయారయ్యేది ఆసిడ్. ల్యాబ్‌లో సుజాత కెమిస్ట్, భుజంగరావు చీఫ్ కెమిస్ట్. ఆసిడ్ బలమెంతో తేల్చే పద్ధతి పాతదే. ఫ్లాస్కులో కొలిచిన చాకలి సోడా నీళ్ళు పోసి, రెండు చుక్కలు మిథైల్ ఆరెంజ్ వేస్తే పసుపు రంగు వస్తుంది. పైన బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంలోంచి ఆసిడ్‌ను చుక్కచుక్కగా వదలాలి. పసుపు ఎరుపెక్కగానే ఆపెయ్యాలి. ఎంత ఆసిడ్ దిగిందో చూసి లెక్క కడతారు. ఆపడం ఆలస్యమైతే లెక్కంతా తప్పు, ఆసిడ్ ఉన్నదానికన్నా పలచన అని తేలుతుంది.

ట్యాప్ తిప్పేది భుజంగరావు. పక్కన సుజాత నిలబడాలి. "రంగు మారిందా?" అంటాడు. "మారింది సార్" అనగానే ఆపేస్తాడు. "నీకు పని నేర్పుతున్నానమ్మా, చూపు కుదరాలి," అంటాడు నలుగురూ వినేలా. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసైన మనిషికి ఏళ్ళ తరబడి అదే పాఠం. ఆకుపచ్చ ప్యాంటు మీద ఎర్ర చొక్కా తొడుక్కొచ్చినా ఆయన్ను చూసి నవ్వే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

నిరుడు సుజాత చెల్లెలి పెళ్ళికి హిందూపురం వెళ్ళింది. ఆ వారంలోనే భుజంగరావు ఒక్కడే చేసి ఇచ్చిన ఒక లోడు రిపోర్టు తప్పింది. రాసినదానికన్నా ఆసిడ్ చాలా ఘాటు. కాగితాన్ని నమ్మి వాడిన చోట ఒక పనివాడి చెయ్యి కాలిపోయింది. "సోడా నీళ్ళు కలిపిపెట్టి వెళ్ళింది సుజాతే, తప్పు ఆమెదే," అన్నాడు భుజంగరావు. సుజాతను ప్యాకింగ్‌కు తోసేశారు. అక్కడ సీసాలకు లేబుళ్ళు అంటిస్తూ ఆమె ఎంత ఏడ్చిందో పాపక్కకు తెలుసు.

నెల తిరక్కుండానే భుజంగరావే పట్టుబట్టి ఆమెను ల్యాబ్‌కు వెనక్కి తెచ్చుకున్నాడు. ఎంత మంచి మనసో అన్నారంతా. సుజాతకు ఒళ్ళు మండిపోయింది. మనిషి చెయ్యి కాల్చిందన్న చెడ్డపేరు మాత్రం ఆమె మీదే ఉండిపోయింది. ఆ పేరు ఎవరిదో వాళ్ళకే అంటించాలని ఆ రోజే నిర్ణయించుకుంది.

పాపక్కతో ఆ మాటన్న మర్నాడు ఫ్యాక్టరీని కొనబోయేవాళ్ళు బెళ్ళందూరు ఆఫీసు నుంచి దిగారు. వెంట ఒక ఆసిడ్ సీసా తెచ్చారు. దాని బలమెంతో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. భుజంగరావు సరిగ్గా తేల్చి చెబితే వాళ్ళ ల్యాబ్‌లన్నిటికీ ఆయనే హెడ్.

"రా సుజాతా, పక్కన నిలబడు. మా ల్యాబ్ అమ్మాయండీ, నా దగ్గరే నేర్చుకుంటోంది," అన్నాడు వాళ్ళతో.

సుజాత వచ్చి నిలబడింది.

ట్యాప్ తెరుచుకుంది. చుక్కలు పడుతున్నాయి.

"మారిందా?" అన్నాడు నవ్వుతూ.

మరికొన్ని చుక్కలు పడ్డాయి.

"మారిందా అమ్మా?"

సుజాత కిటికీలోంచి బయటకు చూస్తోంది. వచ్చినవాళ్ళు ముందుకు వంగారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు. భుజంగరావు నుదుటి మీద చెమట పట్టింది. అయినా ట్యాప్ కట్టెయ్యలేదు. నిరుటి నుంచి సుజాత కడుపులో ఉన్న మంట చల్లారుతూ వచ్చింది.

బ్యూరెట్ ఖాళీ అయిపోయింది.

అందరి కళ్ళ ముందూ కుంకుమ నీళ్ళలా ఎర్రబడి ఉన్న ఫ్లాస్కును వెలుగులోకి ఎత్తి పట్టుకుని, "ఇంకా పసుపే కదా, సుజాతా?" అని అడిగాడు భుజంగరావు.