ఒక్క సీసా కూడా పగల్లేదు

“పెట్టె కారు మీద కడదాం సార్. లోపల అందరి కాళ్లు తగుల్తయి,” అన్నాడు దినేశ్. చేతిలో తాడు సిద్ధంగా ఉంది.

“మీద కడితే మొదటి గుంతకే పోతది. నా కాళ్ల దగ్గర పెట్టు, నేను చూసుకుంట,” అంది హర్షిణి.

తాడు డిక్కీలోకి వెళ్లిపోయింది. దినేశ్ మొహం చిన్నబోయింది.

పెట్టెలో ఉన్నవి ఆరు బీరు సీసాలు. దుకాణంలో దొరికే రకం కాదు. మేనేజరు బుల్లిబాబు బావమరిదికి కొండాపూర్‌లో చిన్న బీరు తయారీ కేంద్రం ఉంది. ప్రాజెక్టు పూర్తయిన సందర్భంగా టీము కోసమని ప్రత్యేకంగా కాచి, తీగతో బిగించే మూతల సీసాల్లో నింపి ఇచ్చాడు. బుల్లిబాబు తన ఇంట్లో పెట్టుకుందామంటే కుదరదు. వాళ్లమ్మ సుబ్బలక్ష్మిగారు వంటింట్లోకి ఉల్లిపాయనే రానివ్వరు. అందుకని క్యాంపింగు ముహూర్తం కుదిరేదాకా అవి హఫీజ్‌పేట్‌లో దినేశ్ గదిలో, ఫ్రిజ్జులో ఉన్నాయి.

“అందరం కలిసే రుచి చూడాలయ్యా. నేను కూడా చుక్క ముట్టలేదు,” అని అప్పగించేటప్పుడే చెప్పాడు బుల్లిబాబు. “వీటిని క్షేమంగా క్యాంపుకి చేర్చావనుకో, కొత్త ప్రాజెక్టుకి లీడ్‌వి నువ్వే.”

నవ్వుతూనే అన్నాడు. కానీ బుల్లిబాబు నవ్వుతూ అన్న మాటలే తర్వాత అప్రైజల్లో కనబడతాయని ఆఫీసులో అందరికీ తెలుసు.

ప్యాకింగు బాధ్యత హర్షిణి తీసుకుంది. ఒక్కో సీసాకి ఒక పాత సాక్సు తొడిగింది. దాని మీద తువ్వాలు చుట్టింది. థర్మోకోల్ పెట్టెలో నిలబెట్టి, సందుల్లో వరి ఊక కూరింది. టెస్టింగు చెయ్యకుండా ఏదీ బయటికి పంపని మనిషి. అందుకని ముందురోజే నీళ్లు నింపిన సీసాలతో అలాంటిదే ఇంకో పెట్టె కట్టి, ఆఫీసు మెట్ల మీద నుంచి దొర్లించి చూసింది. సెక్యూరిటీవాళ్లు పరుగెత్తుకొచ్చారు. సీసాలకి మాత్రం ఏమీ కాలేదు.

ఆ వార్త విన్నప్పటి నుంచి దినేశ్ సరిగ్గా అన్నం తినలేదు. పాపం, లీడ్ పదవి మీద అంత ఆశ.

కారు తనే నడుపుతానన్నాడు. శంకర్‌పల్లి దాటగానే అడ్డదారి పట్టించాడు.

“ఇటెందుకురా?” అన్నాడు పక్కన కూర్చున్న రవికిరణ్.

“మెయిన్ రోడ్డు మీద ట్రాఫిక్ ఉంటది.”

అది రోడ్డు కాదు, ఒకప్పుడు అక్కడ రోడ్డుండేదని చెప్పే గుర్తు. ప్రతి గుంతకీ నలుగురి తలలూ కారు పైకప్పుని పలకరించి వచ్చాయి. దారిలో ఎక్కడ ఆగినా దినేశ్‌ది ఒకటే ప్రశ్న.

“జర చూడు హర్షిణీ, పగిలినయా?”

మూడోసారి ఆగినప్పుడు హర్షిణి ఒక సీసా బయటికి తీసి, సాక్సు విప్పి, ఎండకి పెట్టి చూసింది.

“ఏంది దినేశ్, గింత పరేషాన్ అయితున్నవ్? ఒక్కటి కూడా పగల్లే. ఇంత కుదిపినా నురగ కూడా పొంగలే!”

“అదీ ప్యాకింగంటే!” అని బుల్లిబాబు మురిసిపోయాడు. దినేశ్ చెమట తుడుచుకున్నాడు.

క్యాంపు హర్షిణి మేనమామగారి బీడు భూమిలో, గుట్టల నడుమ. ఫోను సిగ్నలు అందని చోటు. అక్కడికి చేరాలంటే కారు దిగి, మోకాలి లోతు వాగు దాటాలి.

“పెట్టె నేనే మోస్త. ఎవ్వరూ ముట్టకుండ్రి,” అని దినేశ్ దాన్ని నెత్తికెత్తుకున్నాడు.

వాగు నట్టనడుమ పాచిపట్టిన రాళ్లున్నాయి. అటు కాదు, ఇటు రమ్మని ఒడ్డు నుంచి హర్షిణి అరుస్తూనే ఉంది. దినేశ్ అటే నడిచాడు. కాలు జారింది. పెట్టె ఎగిరి బండకి తగిలి, నీళ్లలో పడింది.

అందరి గుండెలూ ఆగాయి.

పెట్టె మాత్రం మునగలేదు. థర్మోకోల్ కదా, పడవలా తేలుతూ బయల్దేరింది. రవికిరణ్ ప్యాంటు కూడా మడవకుండా వాగులోకి దూకి, పరుగెత్తి పట్టుకున్నాడు.

దినేశ్ మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. అదేమీ చూసుకోలేదు.

“సీసాలు?” అన్నాడు.

రవికిరణ్ మూత తీసి చూశాడు. “అన్నీ భేషుగ్గా ఉన్నాయిరా!”

దినేశ్ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“పిచ్చోడా, ఏడుస్తావేంట్రా!” అని రవికిరణ్ వాటేసుకున్నాడు. బుల్లిబాబు వచ్చి భుజం తట్టాడు. “ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత బాధ్యత ఎవరి దగ్గరా చూళ్లేదయ్యా,” అన్నాడు.

సాయంత్రం గుడారాలు లేచాయి. మంట వెలిగింది. వెడల్పాటి బండ మీద ఆరు సీసాలూ వరసగా నిలబడ్డాయి. ఒక్కదానికీ గీత కూడా పడలేదు.

“లీడ్ ఎవరో ఇక వేరే చెప్పాలా?” అన్నాడు బుల్లిబాబు. “మొదటి మూత నువ్వే తియ్యాలి, దినేశ్.”

“వద్దు సార్. ఇయ్యాల శనివారం, నాకు ఉపవాసం.”

“పొద్దున ఎగ్ పఫ్ తిన్నవ్ గదా!” అంది హర్షిణి.

అందరూ గొల్లున నవ్వారు. గ్లాసులు ముందుకొచ్చాయి. చప్పట్లు మొదలయ్యాయి. దినేశ్ సీసా అందుకున్నాడు. తీగ మీద వేళ్లు పెట్టాడు.

రెండు వారాలుగా క్రికెట్ మ్యాచులు చూస్తూ ఆ సీసాలన్నీ ఒక్కొక్కటిగా ఖాళీ చేసి, పాలు కలపని చాయ్ నింపి, మూతలు బిగించింది కూడా ఆ వేళ్లే.