ఊరి వరస

“కూసింతసేపు ఆగండి బావూ. కాళ్లు పీకేస్తన్నాయి” అని ముందు నడిచేవాళ్లను కేకేసి దాలయ్య బాట పక్కన రాయి మీద కూలబడ్డాడు.

రామతీర్థం కొండ ఎక్కడం మొదలుపెట్టాక అది ఐదోసారి. గణపతిరావుకు తల కొట్టేసినట్టయింది.

“ఇప్పుడే కదా మావా ఆగాం!” అన్నాడు పళ్లు బిగించి.

“ఏటి సెయ్యను అల్లుడూ? ముసిలోణ్ణి. నువ్వూ కూకో. నువ్వు నిలబడితే నాకు కూకోబుద్ధి కాదు.”

గణపతిరావు తప్పనిసరై కూర్చున్నాడు. ముందు నడుస్తున్న హెడ్మాస్టరు వెంకటరావు, ఆయన భార్య కన్యాకుమారి, ఏడేళ్ల కూతురు వెనక్కి తిరిగి నిలబడ్డారు. పిల్ల కిసుక్కున నవ్వింది.

హెడ్మాస్టరుగారికి ఆ ఏడాది, అంటే అరవై ఏడులో, కొత్త ఆలోచన వచ్చింది. నెలకో ఆదివారం పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, పంతుళ్లూ కలిసి విజయనగరం చుట్టుపక్కల తేలికైన కొండబాటల్లో నడవాలి. మొదటి నడకకు ఈ కొండ బాగుంటుందేమో చూద్దామని పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. అందరినీ వెంటబెట్టుకుని నడిపించే పని గణపతిరావుకు అప్పగించాలని ఆయన ఉద్దేశం.

“ఆరు నెలలు సెలవులో ఉన్నారు. ఒంట్లోకి సత్తువ వచ్చిందా?” అని బస్సులోనే అడిగారు.

“బ్రహ్మాండంగా ఉన్నానండీ” అన్నాడు గణపతిరావు.

బడిలో అందరికీ టైఫాయిడ్ అని చెప్పాడు. వచ్చింది క్షయ. విశాఖపట్నం ఆస్పత్రిలో ఆరు నెలలు సూదిమందులతో గడిపాడు. పూర్తిగా నయమైంది, ఇంకెవరికీ అంటదు, కొన్నాళ్లు ఆయాసపడకుండా చూసుకుంటే చాలని డాక్టరు చెప్పి పంపాడు. అయినా ఆ పేరు వింటే ఏ తల్లి తన పిల్లను అతని తరగతిలో కూర్చోనిస్తుంది? తిరిగి బడికి వెళ్లిన వారానికే ఒక పంతులు మంచినీళ్ల గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. అది చూసిన రోజు గణపతిరావుకు అన్నం సహించలేదు.

ఇవాళ ఈ కొండ చులాగ్గా ఎక్కి చూపిస్తే ఆ గుసగుసలన్నీ ఆగిపోతాయి. తీరా బస్సు దిగేసరికి దాలయ్య ఎదురొచ్చాడు. కొండ దిగువ పల్లెలోనే అతని ఇల్లు. గణపతిరావుకు సొంత మేనమామ, పిల్లనిచ్చిన మామ. మోకాళ్ల మీదికి ఎగ్గట్టిన పంచె, భుజాన తువ్వాలు, చెప్పుల్లేని కాళ్లు. ఈ ఆరు నెలల్లో బాగా చిక్కిపోయాడు. వద్దన్నా వినకుండా “నానూ వస్తాను” అని వెంటపడ్డాడు.

మళ్లీ లేచారు. మెట్లు అయిపోయి నున్నటి రాతివాలు వచ్చింది. “సెయ్యియ్యి అల్లుడూ, జారిపోతానేటో” అన్నాడు దాలయ్య. పడతానన్న భయం కాబోలు, చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

“పాపం, ఈ వయసులో ఆయన్నెందుకు తీసుకొచ్చారండీ?” అంది కన్యాకుమారి.

గణపతిరావు జవాబు చెప్పబోయాడు. గొంతులో గరగరలాడి దగ్గు తన్నుకొచ్చింది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేలోపే దాలయ్య పెద్దపెట్టున దగ్గడం మొదలుపెట్టాడు. ఒంగిపోయి, కళ్లనీళ్లు తిరిగేలా దగ్గాడు.

హెడ్మాస్టరు కూతుర్ని రెండడుగులు వెనక్కి లాగారు.

“పెద్దాయనా, ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు? ఛాతీ పరీక్ష చేయించుకున్నావా?” అని అడిగి, గణపతిరావు వైపు తిరిగారు. “మీ మామగారా? మీరంతా ఒకే ఇంట్లో ఉంటారా?”

గణపతిరావు కంగారుగా తల అడ్డంగా ఊపాడు.

“అబ్బే, చుట్టం కాదండీ. మా వైపు ఊళ్లో అందరినీ మావా అనే పిలుస్తాం. ఊరి వరస.”

మాట నోరు దాటాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. దాలయ్య తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

“అవును బావూ” అన్నాడు హెడ్మాస్టరుతో. “ఊరి వరసే. ఈ మాస్టారు మంచోరు, పిలిస్తే పలుకుతారు.”

ఆ తర్వాత కూడా దాలయ్య ముప్ఫై అడుగులకోసారి ఆగుతూనే ఉన్నాడు. అల్లుడూ అని మాత్రం మరి పిలవలేదు.

పైన రాములవారి గుడి దగ్గర చల్లటి గాలి వీస్తోంది. కింద పచ్చటి చేలు, ఎదుటి కొండ మీద బౌద్ధుల నాటి ఇటుక గోడలు కనిపిస్తున్నాయి. హెడ్మాస్టరు ముఖం వికసించింది.

“ఇలా ఆగి ఆగి ఎక్కితే పిల్లలకీ పెద్దలకీ ఆయాసమే రాదు. మీరైతే అసలు అలవనే లేదండీ. వచ్చే ఆదివారమే మొదటి నడక, నడిపించేది మీరే.”

గణపతిరావు దండం పెట్టాడు. తిరిగి చూస్తే దాలయ్య దూరంగా, వాళ్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. కొండ దిగాక ఇంటికి రమ్మని ఎవరినీ పిలవలేదు. చెప్పకుండానే పల్లె దారి పట్టాడు.

సాయంత్రం ఇంట్లో భార్య నీలవేణి కాళ్లకు నీళ్లిచ్చింది. గణపతిరావు హెడ్మాస్టరుగారి మెచ్చుకోలు చెప్పాడు. ఊరి వరస సంగతి చెప్పలేకపోయాడు. ఆ సిగ్గంతా కోపంగా మారింది.

“మీ అయ్య నా పరువు తీసీసినాడు. వచ్చే ఆదివారం రావద్దని కబురెట్టు.”

“ఏటి సేసినాడు?”

“అడుగడుక్కీ కూలబడిపోతే ఏటనుకుంటారు? ఎక్కలేనోడు రావడం ఎందుకు?”

“అయ్యా?” నీలవేణి చెంబు కింద పెట్టింది. “అయ్య ఆ కొండ ఎక్కలేకపోనాడా?”

“అబద్ధం సెప్తానా?”

ఆమె అతని ముఖంలోకి చూసింది. కళ్లు నిండాయి.

“మొక్కు సంగతి నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు బావా” అంది. “నువ్వు ఆస్పత్రిలో ఉన్న ఆర్నెల్లూ రోజూ ఆ కొండమీదకి కావిడితో నీళ్లు మోసినాడు.”