ఉప్పెక్కువైన రోజు

"తప్పు," అంది రఫీకా, భర్త చెప్పిన జవాబును ప్రశ్నల పుస్తకంలో సరిచూసి.

మొంధర్ టీ గ్లాసు ఠపీమని పెట్టాడు. "ఇరవై రెండేళ్లు విమానం నడిపినవాణ్ణి! నా లైసెన్సు యూరప్‌లో చెల్లదట. పిల్లకాయల పక్కన కూర్చుని మళ్లీ పదమూడు పరీక్షలు రాయాలట. మా కంపెనీ మూతపడటం నా తప్పా?"

"అరుపులకు మార్కులు వెయ్యరు, కెప్టెన్ గారూ. మళ్లీ చదువుతా, విను. దిగాల్సిన చోట గాలి వేగం హద్దు దాటింది. ఏం చెయ్యాలి?"

"దిగాలి."

"కాదు. వేరే ఊరికి మళ్లాలి."

"అక్కడ ఇసుక తుఫానైతే? ఇంధనం అయిపోవస్తుంటే? ఈ పుస్తకం రాసినవాడి అత్తారింట్లో దించాలా?"

రఫీకా నవ్వబోయి ఆగింది. "ప్రశ్నలో తుఫాను లేదే."

"నాకు వచ్చింది."

ఆమె పుస్తకం మూసింది. "ఎప్పుడు?"

"కుస్‌కుస్‌లో ఉప్పెక్కువైందని పళ్లెం తోసేశానే, ఆ రోజు. నా వెనక నూట నలభై మంది ఉన్నారు. దించేశాను. ఇంటికొచ్చాక చెంచా పట్టుకుంటే చేతులు వణికాయి. నువ్వు చూస్తావని..."

ఆ పళ్లెం గురించి రఫీకా తొమ్మిదేళ్లుగా దెప్పుతూనే ఉంది.

ప్రయాణం నుంచి వచ్చినవాళ్లతో మా ట్యూనిస్‌లో అనే మాట ఒకటుంది. అతను ఇల్లు చేరిన ప్రతిసారీ, ఆ రోజు కూడా, పొయ్యి మీంచి చూపు తిప్పకుండానే ఆమె అనేసేది. ఇప్పుడు అతని చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ అంది:

"క్షేమంగా వచ్చావు. దేవుడి దయ."